‘క్లాసు’: తరగతా, వర్గమా?

ఇంగ్లీషు నుంచి మన వాడుకలోకి వచ్చిన మాటల్లో ‘క్లాసు’ వంటిది మరొకటి లేదు. పిల్లవాడు క్లాసుకు పోతాడు. విద్యార్థి ఫస్టు క్లాసులో ప్యాసవుతాడు. పెద్దవాళ్లు కుర్రవాళ్లకు క్లాసు పీకుతారు. సినిమా వ్యాపారి ప్రేక్షకులను క్లాసు, మాసు అని రెండుగా చీలుస్తాడు. మన రైళ్లలో మూడో తరగతిని 1974లోనే ఎత్తివేశారు గాని, ‘థర్డు క్లాసు’ అనే తిట్టు ఇంకా మన నోళ్లలో ప్రయాణం చేస్తూనే ఉంది. ఇదే మాటను కార్మికోద్యమం తన పోరాటానికి పేరుగా చేసుకుంది. పరస్పరం పొంతనలేని ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఎట్లా ఇమిడాయి? ఇది నిఘంటుకారుల ప్రశ్న మాత్రమే అయితే మనకు పనిలేదు. కాని సాహిత్య విమర్శలో ‘మధ్యతరగతి’, ‘శ్రామికవర్గం’ అనే మాటలు లేకుండా మనకు పూట గడవదు. ఆ రెండూ ఈ ఒక్క మాటకే అనువాదాలు. కనుక ఇది మన ప్రశ్న.

మూలం లాటిన్‌లోని ‘క్లాసిస్’. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో సెర్వియస్ టులియస్ అనే రాజు రోము పౌరులను ఆస్తిని బట్టి ఐదు క్లాసులుగా విభజించాడని రోమన్ల సంప్రదాయం చెబుతుంది. ఎవడు ఏ ఆయుధం పట్టి యుద్ధానికి రావాలో, ఎవడి ఓటుకు ఎంత విలువో ఈ విభజనే నిర్ణయించేది. ఓటు వేయడానికి పౌరులను 193 దళాలు చేశారు. దళానికి ఒక ఓటు. అందులో ఆశ్వికులకు 18, మొదటి క్లాసుకు 80. వెరసి 98. అంటే ధనికులు ఏకమైతే చాలు, మిగిలినవారిని అడగనక్కరలేదు. ఐదో క్లాసుకు కూడా చాలని నిరుపేదలందరినీ కలిపి ఒక్క దళంలో కూరారు. రాజ్యానికి సంతానం తప్ప మరేమీ ఇచ్చుకోలేనివారు గనక వారికి ‘ప్రొలెటారీ’ అని పేరు వచ్చింది. ‘ప్రొలిటేరియట్’కు పుట్టిల్లు ఇదే.

సాహిత్యంలోకి ఈ మాట ప్రవేశించిన తీరు మరింత గమనింపదగినది. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో ఆలస్ గెలియస్ రాసిన ‘అట్టిక్ రాత్రులు’ అనే గ్రంథంలో ఒక చర్చ ఉంది. ఫలానా మాటను ఏకవచనంలో వాడవచ్చునా, బహువచనంలోనా అన్నది వివాదం. దానికి ప్రమాణం కోసం మొదటి క్లాసు రచయితను చూడాలి గాని ప్రొలిటేరియన్ రచయితను కాదు అని అక్కడి పెద్దమనిషి తీర్పు. ఉత్తమ సాహిత్యాన్ని ‘క్లాసిక్’ అనే అలవాటుకు మూలం ఈ పోలికలోనే ఉంది. అంటే కావ్యాల గొప్పతనాన్ని కొలిచే మాట ఆస్తుల పట్టీలోంచి వచ్చింది. ఈనాటి సినిమా వ్యాపారి చెప్పే క్లాసు, మాసు భేదం పద్దెనిమిది వందల ఏళ్లనాటి ఈ తీర్పుకు మారుమాటే.

2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగుకు ‘క్లాసికల్’ హోదా ఇచ్చినప్పుడు మనం దాన్ని ‘ప్రాచీన భాష’ అన్నాం. కొందరు ‘విశిష్ట భాష’ అన్నారు. మొదటి అనువాదం వయసును పట్టుకుని అంతస్తును విడిచింది. రెండోది అంతస్తును పట్టుకుని వయసును విడిచింది. ఆ అంతస్తును నిర్ణయించినది ఎవరన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు. అంతమాత్రాన పాత కావ్యాలను పారవేయమనడం అవివేకం. పూర్వ సాహిత్యం ప్రజల ఆస్తి కూడా. కాని ఏది నిలిచింది, ఎవరు నిలిపారు అని అడగడం విమర్శకుని ధర్మం. వేమన పద్యాలను జనం నోట నిలుపుకున్నారు. బ్రౌన్ వాటిని ఏరి 1829లో అచ్చు వేయించాడు. అంతవరకూ పండిత గోష్ఠులలో వేమనకు పీట ఎక్కడ వేశారు?

ఇంగ్లీషులో ఈ మాట చాలాకాలం బడికే ఎక్కువగా పరిమితమై ఉండేది. 1656లో బ్లౌంట్ వేసిన నిఘంటువు ఇది ప్రధానంగా పాఠశాలల మాట అనే చెబుతుంది. సమాజాన్ని గురించి చెప్పవలసి వస్తే హోదా, శ్రేణి అనే అర్థాలిచ్చే ‘ర్యాంక్’, ‘ఆర్డర్’ వంటి మాటలు వాడేవారు. 1776లో ఆడం స్మిత్ భూస్వామిని, కూలివాణ్ణి, లాభంమీద బతికేవాణ్ణి సమాజంలోని మూడు మహా ‘ఆర్డర్లు’ అన్నాడు. 1817లో రికార్డో ఆ ముగ్గురినే మూడు ‘క్లాసులు’ అన్నాడు. నడుమ గడిచినవి 41 ఏళ్లు. ఆవిరియంత్రమూ నూలుమిల్లులూ ఇంగ్లండును తలకిందులు చేసిన కాలమది. పాతమాటలో పుట్టుక వాసన ఉంది. కొత్తమాటలో మనుషులు చేసిన ఏర్పాటు అనే ధ్వని ఉంది. మనుషులు చేసినదాన్ని మనుషులు మార్చగలరు. ఈ మార్పును రేమండ్ విలియమ్స్ 1976లో తన ‘కీవర్డ్స్’ గ్రంథంలో చక్కగా వివరించాడు.

అయినా పాత అర్థం చావలేదు. నాటి నుంచి క్లాసు అనే మాటలో రెండు అర్థాలు పెనుగులాడుతున్నాయి. ఒకటి మెట్టు: ఎవరికి ఎంత ఉన్నది. రెండోది సంబంధం: ఎవరి శ్రమ మీద ఎవరు బతుకుతున్నారు. వర్గాలున్నాయని కనిపెట్టిన ఘనత తనది కాదని మార్క్స్ 1852లో ఒక లేఖలో స్పష్టంగా రాశాడు. ఆయన ఊనిక రెండో అర్థం మీద, అది నడిపే చరిత్ర మీద. వర్గమంటే ఏమిటో నిర్వచించబోయిన ‘పెట్టుబడి’ మూడో సంపుటం చివరి అధ్యాయం పుటలు తిరక్కుండానే ఆగిపోయింది. ఎంగెల్సు దాన్ని 1894లో అట్లాగే ప్రచురించాడు. ఆ వెలితిని పూరించినవారిలో ఇ. పి. థాంప్సన్ ముఖ్యుడు. వర్గం ఒక వస్తువు కాదు, మనుషుల మధ్య చరిత్రలో జరిగే సంబంధం అని ఇంగ్లీషు కార్మికవర్గ నిర్మాణం గురించి 1963లో వెలువరించిన గ్రంథంలో ఆయన నిరూపించాడు.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషు ఒక్క మాటలో కుక్కిన రెండర్థాలను తెలుగు రెండు మాటలుగా విడదీసింది. ‘మధ్యతరగతి’ అంటాం, ‘మధ్యవర్గం’ అనం. ‘శ్రామికవర్గం’ అంటాం, ‘శ్రామిక తరగతి’ అనం. తరగతి అంటే మెట్టు. బడిలో ఐదు నుంచి ఆరుకు పోయినట్టే అందులో పైకి పోవచ్చు. వర్గం అంటే ఒక పక్షం. దానికి ఎదటి పక్షం ఉంటుంది. ఈ వాడుక వల్ల ఒక చిక్కు వచ్చింది. కూలివాడికి ఎదటి పక్షం ఉన్నది గాని, గుమాస్తాకూ పంతులుకూ లేనట్టే మాట్లాడుతున్నాం. వారికి పైమెట్టు మీది ఆశా, కిందిమెట్టు మీది భయమూ మాత్రమే మిగిలాయి.

రావిశాస్త్రి ‘అల్పజీవి’ని మన వ్యాసాలలో ఎట్లా చదివామో చూడండి. సుబ్బయ్య పిరికితనాన్ని మధ్యతరగతి మనస్తత్వమని ముద్రవేసి ఊరుకుంటే, ఆ భయం అతని నెత్తుటిలో పుట్టినట్టు అవుతుంది. కాని ఆ గుమాస్తా చుట్టూ ఒక ఆఫీసు ఉంది, కంట్రాక్టరు ఉన్నాడు, ఆ డబ్బు ఉంది. వాటితో అతనికున్న సంబంధాన్ని చూస్తే, ఆ భయాన్ని ఎవరు పెంచారో, దానివల్ల ఎవరికి లాభమో తెలుస్తుంది. తరగతి అని చదివితే అది ఒక మనిషి బలహీనత. వర్గమని చదివితే ఒక వ్యవస్థ కథ.

మన దేశంలో ఈ మాటకు మూడో చరిత్ర కూడా ఉంది. రాజ్యాంగంలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ‘క్లాసుల’ ప్రస్తావన ఉంది. మనం ‘వెనుకబడిన తరగతులు’ అన్నాం. ఆ పట్టికలు తీస్తే కనిపించేవి ప్రధానంగా కులాల పేర్లు. కులం కూడా ఒక సామాజిక క్లాసు కావచ్చునని సుప్రీంకోర్టు 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో అంగీకరించింది. తలుపులు మూసుకున్న క్లాసే కులమని అంబేద్కర్ 1916లోనే చెప్పాడు. వర్గం తేలితే కులం దానంతట అదే తేలుతుందని మన విమర్శ చాలాకాలం చెప్పింది. ఆ జవాబు చాలదు. 1922లో వచ్చిన ఉన్నవ ‘మాలపల్లి’లో సంగదాసు భూస్వామి చేతిలో చనిపోతాడు. అతడు కూలివాళ్ల పక్షం నిలిచినవాడు, మాలవాడు. ఏ ఒక్కటి వదిలినా ఆ చావు అర్థం కాదు. నవలాకారుడు కలిపి చూసినదాన్ని విమర్శకుడు విడదీసి చూడడం న్యాయం కాదు.

కాబట్టి ‘తరగతి’ని నిషేధించాలని ఎవరూ అనరు. బడికీ లెక్కకూ అది కావలసిందే. కాని ఒక రచన మీద ఆ మాట రాసేటప్పుడు కలం ఒక క్షణం ఆపాలి. ఈ పాత్ర ఏ మెట్టు మీద నిలుచున్నదని చెప్పి తృప్తిపడుతున్నామా? ఆ మెట్లను ఎవరు కట్టారో, ఎవరి వీపుల మీద కట్టారో కూడా చెబుతున్నామా? మొదటి పని ఆనాడు రోములో ఆస్తుల పట్టీ రాసినవాడు కూడా చేశాడు. అభ్యుదయ విమర్శ చేయవలసింది రెండోది.