తప్పు నేలదా, ఎముకదా?

మా నానమ్మ తుంటి విరిగి ఇరవై రెండేళ్లయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడు కదిలినా ఒకటే మాట: "కోడలు వసారా కడిగి వదిలేసింది, అత్తగారు కాలు జారి పడింది." ఆ కోడలు మా పిన్ని. నానమ్మ ఎనిమిది నెలలు మంచంలో ఉండి పోయింది. నింద మాత్రం పిన్నిని వదిలి పోలేదు.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగం అలాంటి మాటల్ని అనుమానించడమే.

నేను మెడికల్ కోడర్ని. మా ఊళ్లో చాలామంది సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని, ఇప్పుడు ఊరుకుంటున్నాను. బీఫార్మసీ అయ్యాక అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఇందులోకి వచ్చి పన్నెండేళ్లయింది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు చదువుతాం. డాక్టర్లు రాసిన జబ్బునీ చేసిన చికిత్సనీ కోడ్‌లుగా మారుస్తాం. ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు చెల్లించేదీ, ఏ జబ్బు ఎంతమందికి వచ్చిందో లెక్క తేలేదీ వాటితోనే. ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి వెళ్లాలి. చదివింది బయట చెప్పకూడదు. అందుకని ఇక్కడ ఏ రోగి గురించీ రాయను. తరచూ చేతిలో పడే ఒక రకం చార్ట్ గురించి రాస్తాను.

తొడ ఎముక విరిగిన చార్ట్ అది. అమెరికాలో 2015 అక్టోబర్ 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎం అనే కోడ్‌ల జాబితాలో ఈ విరుపుకి రెండు వేర్వేరు అధ్యాయాల్లో చోటుంది. బండి మీంచి పడి మంచి ఎముక విరిగితే గాయాల అధ్యాయంలో ఎస్72. ఎముకలోనే జబ్బుండి విరిగితే ఎముకలు, కండరాల అధ్యాయంలోకి వెళ్లాలి. ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్ అయితే ఎం80, క్యాన్సర్ అయితే ఎం84.5, ఇంకేదైనా జబ్బయితే ఎం84.6. జబ్బు వల్లే విరిగిందని రాసి, ఏ జబ్బో రాయకపోతే ఎం84.4. ఎక్స్‌రేలో విరిగిన చోటు ఒకటే కావచ్చు, లోపల వేసిన రాడ్డూ ఒకటే కావచ్చు. కోడ్‌ని మార్చేది 'వల్ల' అన్న మాట.

ఆ మాటే చార్టులో కనబడదు. "ఇంట్లో నిలుచున్న చోటే పడింది, తుంటి విరిగింది" అని రాసి డాక్టర్ ఆపరేషన్ సంగతిలోకి వెళ్లిపోతారు. ఎక్కడో పాత జబ్బుల జాబితాలో, బీపీకీ షుగర్‌కీ మధ్య ఆస్టియోపోరోసిస్ నక్కి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు 'పడింది' అని చూడగానే ఎస్72 వేసేస్తారు. నిబంధన అందుకు ఒప్పుకోదు. ఆస్టియోపోరోసిస్ ఉందని ముందే తెలిసిన మనిషి కింద పడి ఎముక విరిగినా, అది మామూలు ఎముకని విరగ్గొట్టేంత దెబ్బ కాకపోతే గాయం కోడ్ కాదు, ఎం80 వేయాలి.

మరి ఆ దెబ్బకి మంచి ఎముక విరిగేదా, కాదా? సగం చార్ట్ చదివేసరికి నాకు తెలిసిపోతూనే ఉంటుంది. తెలిసినా వేయకూడదు. ఆ తీర్పు వైద్యుడిది. నేను చేయగలిగింది క్వెరీ పెట్టడం, అంటే డాక్టర్ని రాతపూర్వకంగా అడగడం.

ఈ అడగడమే అసలు విద్య. "ఇది ఆస్టియోపోరోసిస్ వల్లే కదండీ?" అనకూడదు. చార్టులో ఉన్న ఆధారాలన్నీ పేర్చాలి. వయసెంత, ఎలా పడింది, ఎముక సాంద్రత పరీక్షలో టీ-స్కోర్ ఎంత, ఏ మందులు వాడుతోంది. ఆ తర్వాత గాయం వల్లా, జబ్బు వల్లా, మరో కారణమా, తేల్చి చెప్పలేమా అని దారులన్నీ ఎదురుగా పెట్టాలి. ఏ జవాబుకి ఆసుపత్రికి ఎంత డబ్బొస్తుందో మాటవరసకైనా ఎత్తకూడదు. నా మొదటి క్వెరీని తిప్పి పంపుతూ మా టీమ్ లీడ్ మేడమ్ అన్నారు: "నువ్వు అడగట్లేదమ్మా, చెబుతున్నావు."

క్యాన్సర్ చార్టుల్లో చిక్కు వేరు. రొమ్ము క్యాన్సర్ పాకి తొడ ఎముక విరిగితే ఏ కోడ్ ముందు? రోగి ఈసారి ఆసుపత్రిలో ఎందుకు చేరిందో చూడాలి. విరిగిన ఎముకకి వైద్యం కోసమైతే ఎం84.5 ముందు, క్యాన్సర్ తర్వాత. క్యాన్సర్‌కి వైద్యం కోసమైతే వరస తిరగబడుతుంది.

ఇంకో రకం చార్ట్ వస్తే మనసు చివుక్కుమంటుంది. ఎముకలు గట్టిపడాలని ఏళ్ల తరబడి బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలు వాడినవాళ్లలో, చాలా అరుదుగా, తొడ ఎముక నడుమ అడ్డంగా విరుగుతుంది. కొన్ని వారాల ముందు నుంచే తొడలో సన్నటి నొప్పి ఉండొచ్చు. 2010 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరించింది. దీనికంటూ ఎం84.75 కింద విడి కోడ్‌లు వచ్చింది 2016 అక్టోబర్‌లో. ఆ ఆరేళ్లలో విరిగిన ఎముకలు వేరే కోడ్‌ల కింద కలిసిపోయాయి. కోడ్ పట్టుకుని వెతికితే దొరకవు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పాత ట్రంకుపెట్టెలో నానమ్మ ఆసుపత్రి చీటీ దొరికింది. 'జారి పడి ఎడమ తుంటి విరిగింది' అని ఒకే ముక్క. అలవాటు కొద్దీ ఆధారాలు పేర్చుకున్నాను. డెబ్బై ఆరేళ్లు. వంగిన నడుము. మనిషి పొట్టిగా అయిపోయి చీర కుచ్చిళ్లు నేల మీద జీరాడేవి. అంతకు రెండేళ్ల ముందు పశువుల కొట్టం దగ్గర చెయ్యి ఆనించి పడితే మణికట్టు విరిగింది. ఎముకల పరీక్ష ఎవరూ రాయలేదు. ఈ చార్ట్ ఇప్పుడు నా చేతికొస్తే క్వెరీ పెట్టకుండా వదలను. కానీ జవాబివ్వడానికి ఆ డాక్టర్ లేరు. మా నిబంధన ప్రకారం ఆ చీటీ మీద నేను వేయగలిగింది ఎస్72 మాత్రమే.

పిన్నిని కూర్చోబెట్టి నిబంధనా చెప్పాను, నా అనుమానమూ చెప్పాను. "నేను డాక్టర్ని కాదు పిన్నీ. కానీ గట్టి ఎముకైతే వసారాలో జారినంత మాత్రాన అలా విరగడం అరుదు."

పిన్ని చీటీని పాత మడతల్లోనే మడిచింది. "మరి చెయ్యి విరిగినప్పుడే ఎవరైనా అడిగుంటే?" అంది.

మర్నాడు తెల్లారగట్ల వసారా కడిగింది. కడిగిన వెంటనే, ఇరవై రెండేళ్లుగా చేస్తున్నట్టే, పొడిగుడ్డ తెచ్చి మూల మూలా తుడిచింది.