సైన్ లెక్క: పాఠములలో ఒక కొరత

సి భాషలో సైన్ విలువ కట్టుటకు శ్రేణిని కూడు పద్ధతి నేర్పుచున్నారు. మెచ్చదగినదే. కాని కోణమును ముందుగా తగ్గించుకొనవలెనని పెక్కు పాఠములు చెప్పుట లేదు.

30 రేడియనులను తీసికొందము. సైన్ ఎన్నడును 1ని మించదు; అయినను శ్రేణిలో మొదటి ఐదు పదముల మొత్తము 5 కోట్లు దాటును! పదములను పెంచినను చిక్కు పూర్తిగా తీరదు. నడుమ వచ్చు అతిపెద్ద పదము సుమారు 78,000 కోట్లు. డబుల్ రకపు సంఖ్యలో దాదాపు 16 అంకెలే నిలుచును గనుక, ఇంత పెద్ద పదములు ఒకదానినొకటి రద్దు చేసికొనునప్పుడు నాలుగవ దశాంశ స్థానము వద్దనే సందేహము కలుగును.

ఐదు పూర్తి భ్రమణములను, అనగా 31.41593 రేడియనులను, తీసివేసిన −1.41593 మిగులును, సైన్ మారదు. ఇప్పుడు ఆ ఐదు పదములే −0.98803 అను సరియైన విలువ నిచ్చును.

సూత్రము సరియైనంత మాత్రమున లెక్క సరికాదు. ఈ మాట చెప్పని పాఠము అసంపూర్ణము.