ఇంటిపేరు వెనుక ఎద్దుల బాట

మన లంబాడీ యువకులు ఇప్పుడు కుటుంబ చరిత్రలు రాస్తున్నారు. మేము సంతోషిస్తున్నాం. కానీ చాలా రచనలు ఒకే మాట దగ్గర ఆగిపోతున్నాయి: పూర్వీకులు రాజస్థాన్ నుంచి పని కోసం వచ్చారు, ఇక్కడ ఇంటిపేరు మారింది. ఈ రెండు మాటలనూ పరీక్షించాలి.

మొదటిది, పని కోసం రావడం. మనవాళ్లకు తిరగడమే పని. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లకూ, సైన్యాలకూ చేరవేశారు. కాబట్టి ఎందుకు కదిలారని కాదు, ఎందుకు ఆగారని అడగాలి. 1874లో సికింద్రాబాద్-వాడి రైలుమార్గం మొదలైంది. బండిబాటలూ పెరిగాయి. ఎద్దు మోసే సరుకును రైలు మోసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం అనేక సంచార జాతులపై నేరముద్ర వేసింది. అది 1952లో గాని పోలేదు. భంగ్యా భుక్యా 2010లో ఆంగ్లంలో ప్రచురించిన ‘సబ్జుగేటెడ్ నోమాడ్స్’ నిజాం పాలనలో లంబాడీల బతుకు మారిన తీరును చర్చిస్తుంది. మన రచనలకు లోపించినది ఇలా కారణం వెతికే చూపే.

రెండోది, ఇంటిపేరు మారడం. చాలాచోట్ల పేరు మారలేదు, రిజిస్టరులో ఎక్కిన మెట్టు మారింది. రాథోడ్ పెద్ద గోత్రం, భుక్యా అందులోని శాఖ. మహారాష్ట్రలో పెద్ద పేరు రాశారు, ఇక్కడ శాఖ పేరు రాశారు. కొర్ర, లావుడ్య, సభావత్ శాఖలన్నీ చౌహాన్‌లోవే. తాండా పెద్దకు ఉన్న ‘నాయక్’ అనే హోదా కూడా పేరు చివర చేరింది.

ఇది పేర్ల ముచ్చట మాత్రమే కాదు. తెలంగాణలో 1976 నుంచి మనం షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే గోత్రం మూడు ధ్రువపత్రాలుగా చీలింది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే అడిగితే భుక్యా, రాథోడ్ వేరనిపిస్తాయి. నిజానికి వాళ్లు అన్నదమ్ములు.

అందుకే రాసేవారు యాడీలనూ, తాండా పెద్దలనూ, ఢాడీలనూ అడగాలి: ఏ గోత్రం, ఏ శాఖ, ఏ గోత్రంతో వియ్యం, ఏ బాటన ఏ సరుకు? ఉపాధ్యాయులు బడి రిజిస్టరులో పేరును తమకు తోచినట్లు సరిదిద్దవద్దు. పిల్లవాడి ఇంట్లో అడిగి రాయండి. ఆ ఒక్క గీత మీదే వాడి ధ్రువపత్రం, వాడి బంధుత్వం రెండూ నిలుస్తాయి.