మారిస్టన్ టాబర్నాకల్: శిఖరం, ప్రసంగవేదిక

వేల్స్‌లో ప్రభుత్వ హోదా గల ఆంగ్లికన్ చర్చికి లోబడని ప్రొటెస్టెంట్లను నాన్‌కన్‌ఫార్మిస్టులు అంటారు. వీరి తొలి మందిరాలు సాదా ఇళ్లను, కొట్టాలను పోలి ఉండేవి. స్వాన్సీ సమీపంలోని పారిశ్రామిక పట్టణం మారిస్టన్‌లో 1872లో పూర్తయిన టాబర్నాకల్ ఇందుకు భిన్నమైనది. వాస్తుశిల్పి జాన్ హంఫ్రీ దీని ముఖభాగానికి కొరింథియన్ స్తంభాలను, వాటిపై కమానులను, పక్కన ఎత్తైన శిఖరాన్ని సమకూర్చాడు.

ఆడంబరాన్ని నిరసించినవారికి శిఖరం ఎందుకు? పైగా గ్రీకు, రోమన్ సంప్రదాయపు స్తంభాలూ, గోథిక్ చర్చిని తలపించే శిఖరమూ ఒకదానితో ఒకటి అంతగా పొసగవు. ఇది అంగీకరించవలసిన లోపమే.

అయితే లోపలి అమరికను గమనించండి. ఇక్కడ కేంద్రస్థానం బలిపీఠానిది కాదు, ప్రసంగవేదికది. దాని ఎదుట సంఘపెద్దలు కూర్చునే 'పెద్ద ఆసనం', పైన గ్యాలరీలు ఉన్నాయి. వెల్ష్ భాషలోని ప్రసంగం అందరికీ వినిపించాలి, అందరూ కలిసి పాడాలి అన్నదే ఈ అమరిక ఉద్దేశం.

వేల్స్‌లో ఆంగ్లికన్ చర్చి ప్రభుత్వ హోదా 1920 వరకు కొనసాగింది. ఆ నేపథ్యంలో చూస్తే ఈ శిఖరం అనుకరణ మాత్రమే కాదు, సమాన గౌరవం కోసం చేసిన ప్రకటన కూడా. కానీ సంఘం అసలు విశ్వాసం తెలిసేది శిఖరం వల్ల కాదు, ప్రసంగవేదిక వల్ల.

మీ ప్రగతిని సరిచూసుకోండి: టాబర్నాకల్ బాహ్యరూపానికీ, లోపలి అమరికకూ గల వైరుధ్యాన్ని వివరించండి.