సంతకం పడింది, ఆమోదం పడలేదు

ఎల్. నీల్ స్మిత్ రాసిన ‘ది ప్రాబబిలిటీ బ్రోచ్’ (1980) హుషారుగా చదివించే నవలే. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ఒక్క మాట అదనంగా పడుతుంది: పాలితుల సమ్మతి ‘ఏకగ్రీవం’గా ఉండాలని. దాంతో 1794 నాటి విస్కీ తిరుగుబాటు నెగ్గుతుంది, వాషింగ్టన్‌కి మరణశిక్ష పడుతుంది, రాజ్యాంగం రద్దవుతుంది. డెన్వర్ డిటెక్టివ్ విన్ బేర్ ఆ లోకంలో ఊడిపడేసరికి అక్కడివాళ్లు మనకంటే స్వేచ్ఛగా, సంపన్నంగా బతికేస్తుంటారు.

నా పేచీ ఇక్కడే. ఆ కాగితం లేకపోతే స్వర్గమని ఈయన, సర్వనాశనమని ఇంకొకరు. మధ్యలో ఇంకేం ఉండదా?

ఉంటుంది. కాకినాడలో బస్సెక్కితే గంటలో అక్కడ దిగొచ్చు. యానాంలో ఫ్రెంచి పాలన 1954 జూన్ 13న కూలిపోయింది. ముందు నిలబడినవాళ్లలో దడాల రఫేల్ రమణయ్య ఒకరు. ఆ నవంబర్ 1న పాండిచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలన కూడా లాంఛనంగా భారత్ చేతికొచ్చింది. విలీన ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం మాత్రం 1962లో గానీ రాలేదు. ఒప్పందం అమల్లోకి వచ్చింది ఆ ఆగస్టు 16న.

అంటే దాదాపు ఎనిమిదేళ్లు పాలన మనది, చట్టం దృష్టిలో నేల ఫ్రాన్స్‌ది. గోదావరికి ఈ తేడా తెలియదు. సంతకీ తెలియదు. కానీ హక్కు అడగడానికి వెళ్తే తెలుస్తుంది. పాండిచ్చేరి బస్సు పర్మిట్ల తగాదా ఒకటి సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ప్రాంతం భారత భూభాగమేనా అని కోర్టు అడిగితే, కాదని మన ప్రభుత్వమే చెప్పింది. 1961లో కోర్టు ఆ మాటే ఖాయం చేసింది. ఏడేళ్లుగా మనమే పాలిస్తున్న నేల!

స్మిత్‌కి దొరకనిది ఈ బస్సు పర్మిట్టే. ఆయన లోకంలో కాగితం పోగానే మనుషులు మారిపోతారు. నిజంలో మనుషులు అలాగే ఉంటారు, అడిగే చోటు పోతుంది. ప్రత్యామ్నాయ చరిత్ర నవలని నేను తూచేది అక్కడే: యుద్ధం ఎవరు గెలిచారని కాదు, గెలిచాక ఒక మామూలు మనిషి తన తగాదా ఏ గుమ్మం ముందు పెట్టుకున్నాడని.

యానాం తెలుగు కథకి కొత్త కాదు, దాట్ల దేవదానం రాజు గారి ‘యానాం కథలు’ ఉన్నాయి. ఆ ఆమోదం ఎప్పటికీ రాని యానాం మీద ఒక నవల వస్తే చదవాలనుంది. జెండాలతో కాకుండా, ఒక పర్మిట్టు దరఖాస్తుతో మొదలయ్యే నవల.