మొదట పోయే పది ఫైళ్లు

చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే పనిలో నాకు తరచూ వినిపించే మాట ఒకటుంది: "యాంటీవైరస్ వేయించాం కదండీ, ఇంకా భయమెందుకు?" పాత తరహా యాంటీవైరస్ తనకు ముందే తెలిసిన వైరస్‌ల గుర్తుల జాబితా పట్టుకుని కూర్చుంటుంది. ఫైళ్లను చదవరాకుండా మార్చి, అంటే తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్‌ను రాసేవాళ్లు దాడికో రూపం మార్చి పంపుతారు కాబట్టి ఆ జాబితాకు దొరకరు. అయితే ఏ వేషంలో వచ్చినా అది చేయక తప్పని పని ఒకటుంది. ఫైల్ తెరవాలి, చదవాలి, తాళం వేసి తిరిగి రాయాలి, పాతది దక్కకుండా చేయాలి. అదీ వందల ఫైళ్ల మీద, గబగబా. నేను నమ్ముకున్నది ఆ పని మీద పెట్టే నిఘానే.

ఈ నిఘా ఎలా ఉండాలో చక్కగా చూపించినవాళ్లలో అమెరికాలోని ఫ్లోరిడా, విల్లనోవా విశ్వవిద్యాలయాల పరిశోధకులున్నారు. 2016లో వాళ్లు చేసిన క్రిప్టోడ్రాప్, వచ్చిన ప్రోగ్రామ్ ఎవరిదని చూడదు, ఫైల్‌కు ఏమైందో చూస్తుంది. చాలా రకాల ఫైళ్లకు మొదట్లోనే ఒక ముద్ర ఉంటుంది. పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మొట్టమొదట శాతం గుర్తు, పక్కనే పీ, డీ, ఎఫ్ అక్షరాలు కనిపిస్తాయి. తాళం పడ్డాక పేరు చివర పీడీఎఫ్ అనే ఉండొచ్చు గానీ లోపల ఆ ముద్ర ఉండదు. రెండో గుర్తు పోలిక. ఉత్తరంలో ఒక పేరా దిద్దితే మిగతాదంతా పాతదానితో సరిపోతుంది, తాళం వేస్తే ఒక్క ముక్కా కలవదు. మూడోది గజిబిజి. గణితవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన కొలత ప్రకారం అది బైట్‌కు 8 బిట్లకు మించదు. మామూలు రాత అంతకు చాలా కిందే ఉంటుంది, తాళం పడిన ఫైల్ దాదాపు 8కి చేరుతుంది.

ఈ మూడోదాన్ని ఒక్కదాన్నే నమ్మితే కొంప మునుగుతుంది. జేపెగ్ ఫొటో, జిప్ ఫైల్ కూడా ఆ 8 దగ్గరే తిరుగుతాయి. మనం రోజూ వాడే డాక్స్ ఫైల్ కూడా లోపల జిప్పే. రాత్రికి రాత్రి పెళ్లి ఆల్బమ్‌లన్నీ జిప్ చేసుకునే ఫొటో స్టూడియో ఆ కొలతకు దాడిలో ఉన్నట్టే కనిపిస్తుంది. మూడు గుర్తులూ ఒకే ప్రోగ్రామ్ వల్ల వస్తున్నాయంటే మాత్రం క్రిప్టోడ్రాప్ అనుమానం ఒక్కసారిగా పెరిగి, దాన్ని నిలిపేస్తుంది. 492 అసలు ర్యాన్సమ్‌వేర్ నమూనాలను దాని మీదికి వదిలితే అన్నీ దొరికాయి. సుమారు 5,100 ఫైళ్లలో, పట్టుబడేలోపు పోయినవి మధ్యస్థంగా 10.

పరిశోధనగా చూస్తే అది గొప్ప ఫలితం. నా మనసు మాత్రం ఆ పది దగ్గరే ఆగుతుంది. ఫైల్ పాడైతే గానీ పాడవుతోందని తెలియని పద్ధతి ఇది. మరి ఆ పదిలో ఏముంటాయి? ఆడిటర్ దగ్గర ట్యాలీ డేటా ఉండొచ్చు, డీటీపీ సెంటర్‌లో తెల్లారితే ప్రెస్‌కు వెళ్లాల్సిన పేజీలుండొచ్చు. అందుకే నేను వెళ్లిన ప్రతిచోటా ఎర ఫైళ్లు పెడతాను. పేర్ల వరసలో అన్నిటికన్నా ముందు వచ్చేలా ఒక ఫోల్డర్, చివర వచ్చేలా ఇంకొకటి, వాటిలో ఎవరికీ అక్కర్లేని బిల్లులు, ఫొటోలు. వాటిని ముట్టుకోవాల్సిన పని ఆఫీసులో ఎవరికీ ఉండదు, కాబట్టి వాటిలో ఏది మారినా అలారమే. ఒక డీటీపీ సెంటర్‌లో ఆపరేటరమ్మాయి, "సార్, ఈ ఫోల్డర్ ఎవరిదో తెలీట్లేదు, తీసేయనా?" అని అడిగింది. "వద్దమ్మా, అది మీ అందరి కోసం పోవడానికే పెట్టింది" అని విషయం చెప్పాను. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకు తనే చెబుతోంది.

ఒక్క ఫైల్ కూడా పోకముందే దొరికే గుర్తు మరొకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. విండోస్ కొన్ని పాత ప్రతులను షాడో కాపీలుగా దాచి ఉంచుతుంది. తాళాలు వేయడానికి ముందే వాటిని చెరిపేయడం చాలా ర్యాన్సమ్‌వేర్‌లకు అలవాటు, లేకపోతే బాధితుడు డబ్బు కట్టకుండానే వెనక్కి తెచ్చుకుంటాడు. అందుకు వీఎస్‌ఎస్‌అడ్మిన్ అనే ఆదేశం వాడతాయి. పదిమంది పనిచేసే ఆఫీసులో ఆ ఆదేశాన్ని చేత్తో టైపు చేసే మనిషి ఉండడు. అది కనబడిందంటే ఇక ఆలోచించక్కర్లేదు.

అవతలివాళ్లూ ఊరికే లేరు. 2021లో బయటపడ్డ లాక్‌ఫైల్ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రతి 16 బైట్లకు తాళం వేసి తర్వాతి 16 వదిలేసేది. సగం రాత అలాగే ఉండటంతో లెక్కల్లో ఫైల్ బాగున్నట్టే అనిపిస్తుంది. లాక్‌బిట్ 2.0 ఫైల్ మొదటి 4 కిలోబైట్లతోనే సరిపెట్టి వేగం పెంచుకుంది. 2022లో స్ప్లంక్ సంస్థ పరీక్షిస్తే సుమారు లక్ష ఫైళ్లను లాక్‌బిట్ ఆరు నిమిషాల లోపే ముగించింది. ఎవరో చూసి, ఎవరికో ఫోన్ చేసి, వాళ్లు వచ్చేసరికి అంతా అయిపోతుంది. కాబట్టి అలారంతో పాటు ఆ ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపే అధికారం కూడా నిఘాకు ఇవ్వాలి.

ఆ అధికారం ఇవ్వాలంటే ముందు ఆ ఆఫీసు తీరు తెలియాలి. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే కార్డుల డిజైన్లు చేసేచోట ఒక్క పూటలో వందల ఫైళ్లు మారతాయి. ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల గడువు ముందు రోజులూ అంతే. ఇవేవీ తెలియకుండా నిమిషానికి ఇన్ని ఫైళ్లు దాటితే ఆపెయ్ అని అంకె పెట్టేస్తే, పనిమంతుల పని ఆగిపోతుంది. నాలుగుసార్లు అలా జరిగితే ఐదోసారి అసలు అలారం మోగినా ఎవరూ పట్టించుకోరు. అందుకే అంకె పెట్టేముందు వాళ్ల పక్కన కూర్చుని పని చూస్తాను. ఈ పనిలో నాకు ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ తృప్తి ఇచ్చేదీ ఆ కూర్చోవడమే.

ఇక మోగినప్పుడు ఏం చేయాలన్నది ప్రతి కంప్యూటర్ పక్కనా పెద్దక్షరాలతో రాసి అంటిస్తాను: లాన్ వైరు పీకండి, వైఫై ఆపండి, రీస్టార్ట్ చేయొద్దు. వైరు పీకినా ఫైళ్లు కళ్ల ముందే మారిపోతూ ఉంటే అప్పుడు కరెంటు తీసేయడమే మేలు. అవి మారడం ఆగిపోతే మాత్రం మెషిన్‌ను అలాగే ఉంచాలి. ఏ తేడా వచ్చినా ముందు రీస్టార్ట్ కొట్టడం మన ఆఫీసుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు, కారణం చెప్పకపోతే మానరు. అందుకని 2017 మే నెల సంగతి చెబుతాను. అప్పుడు వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని ఊపేసింది, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. ఆ రోజుల్లో ఆడ్రియన్ గినే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఒక విషయం కనిపెట్టాడు. తాళంచెవి తయారీకి వాడిన ప్రధాన సంఖ్యలు విండోస్ ఎక్స్‌పీ మెమరీలో ఇంకా మిగిలి ఉండొచ్చని, అదృష్టం బాగుంటే వాటితో తాళం తీయొచ్చని చూపించాడు. అప్పటికే రీస్టార్ట్ కొట్టేసినవాళ్లకు మాత్రం ఆ దారి లేదు.