మండుటెండలో తోటమాలి పనితనం

వానాకాలంలో తోట ఎవరైనా పెంచుతారు. నాలుగు వానలు పడితే గోడ పగుల్లో రావి మొక్క కూడా తనంతట తానే లేస్తుంది. అసలు తోటమాలి ఎవరో రోహిణి కార్తెలో తేలుతుంది. వడగాడ్పుకి జనం తలుపులు మూసుకుని కూర్చున్నప్పుడు మొక్క తల వాల్చకుండా నిలబెట్టినవాడే పనివాడు. ఆ విద్యకు పెద్దబడి తూర్పు గోదావరి జిల్లా కడియం అని నేను ఎక్కడైనా, ఎవరితోనైనా వాదిస్తాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు వచ్చాయి. ఆ నీళ్ల మీద పూలతోటలు, వాటి వెనక మొక్కల వ్యాపారం పెరిగాయని పెద్దలు చెబుతారు. చరిత్ర అంతవరకు చాలు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీల గొప్పతనం చూడాలంటే వేసవిలోనే చూడాలి. ఎండ ముదిరే రోజుల్లోనే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు బోరు నీళ్లే దిక్కు. అంత తక్కువ నీటితో అన్ని మొక్కలను జూన్ దాకా లాక్కురావడం మామూలు పని కాదు.

ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల చేతిలో నీళ్ల గొట్టం చూడాలి! ఏ సంచికి ఎంత పోయాలో, దేన్ని వదిలేయాలో నడుస్తూనే తేల్చేస్తారు. మధ్యాహ్నం ఆకు వాలితే కంగారుపడరు. ఆకుల నుంచి ఆవిరయ్యేంత వేగంగా వేరు నీరు తోడలేకపోతే, మట్టి తడిగా ఉన్నా మొక్క వాలుతుంది. పొద్దు వాలాక అదే తేరుకుంటుంది. తెల్లవారుజామున కూడా వాలే ఉంటే అది నిజమైన దాహం. ఈ తేడా తెలియనివాళ్లు వాలిన ప్రతిసారీ నీళ్లు కుమ్మరించి వేరు కుళ్లబెడతారు. వేసవిలో చచ్చే కుండీ మొక్కలన్నీ ఎండకే చావవు, యజమాని ప్రేమకు చచ్చేవీ ఉంటాయి.

వేలు మట్టిలో రెండు కణుపుల లోతు దించి, తడి తగలకపోతేనే పోయాలి. నాటిన చెట్లకు వేసవిలో ఉదయం, సాయంత్రం నీళ్లు పోయమని వరాహమిహిరుడు బృహత్సంహితలోనే చెప్పాడు. లేత మొక్కకు అది సరైన మాట. వేరూనిన చెట్టుకు మాత్రం రోజూ చిలకరించడం కన్నా, నాలుగు రోజులకోసారి నిండా పెట్టడం మేలు. తడి లోతుకు దిగితే వేరూ లోతుకు దిగుతుంది. పైపైన తడిపితే వేళ్లు పైనే మేసి, మొదటి వడగాడ్పుకే మాడిపోతాయి.

పాదు చేయడం చూస్తే చాలు, పనివాడి స్థాయి తెలిసిపోతుంది. చేతకానివాడు కాండం చుట్టూ గుంట తవ్వి నీళ్లు నిలబెడతాడు. చేయి తిరిగినవాడు మొదలు దగ్గర మట్టి ఎగదోసి, కొమ్మల నీడ అంచున పాదు తీస్తాడు. నీటిని పీల్చే సన్న వేళ్లు ఉండేది అక్కడే. ఆపైన ఎండుటాకులో, కొబ్బరి పీచో నాలుగు వేళ్ల మందాన పరుస్తాడు, కాండానికి మాత్రం తగలనివ్వడు. లేత చెట్టు పక్కన మట్టి కుండ మెడదాకా పాతి నీళ్లు నింపి మూత పెట్టే పద్ధతి మరీ ముచ్చటైనది. మట్టి ఎంత అడిగితే కుండ అంతే ఊరుస్తుంది, చుక్క వృథా కాదు.

చేయకూడనివి తెలియడం ఇంకా పెద్ద పనితనం. నడివేసవిలో కొమ్మలు బోడిగా కొట్టకూడదు, నీడ పోయి బెరడు కాలుతుంది. పొడి నేలలో యూరియా వేయకూడదు. గడ్డిని నున్నగా గొరగకూడదు, కాస్త ఎత్తుగా ఉంచితే తన నేలకు తానే నీడ.

ఇక మల్లె రైతుల నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. తక్కిన మొక్కలను ఎండ నుంచి దాచుకుంటుంటే, వీళ్లు ఎండనే పూయిస్తారు. చలికాలంలో నీళ్లు ఆపి తోటను వాడు పెట్టి, కొమ్మ కత్తిరించి, ఆకు దూసి, ఆనక ఎరువూ తడీ ఇస్తారు. వేసవి సాయంత్రాలు గుబాళించేది ఆ చేతుల చలవతోనే.

వనజీవి రామయ్యను తలవకుండా ఈ మాటలు ముగియవు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో ఉంటూ సైకిల్ మీద మొక్కలు, గింజలు వేసుకుని తిరిగి కోటికి పైగా నాటారని చెప్పుకుంటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో, ఎండల్లోనే, కన్నుమూశారు.

అటువంటి మనిషి తిరిగిన నేల మీద ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారు! నీళ్లు అక్కర్లేదట, మాలి అక్కర్లేదట. ఎండలో ఆ గడ్డి 60 డిగ్రీల సెల్సియస్ దాటి కాలుతుంది. దాని కింద వానపాము ఉండదు, పైన పిచ్చుక వాలదు. ఇంకో అడ్డదారి కోనోకార్పస్. ఎండకు తట్టుకుంటుందని రోడ్ల మధ్యా, వెంచర్ల చుట్టూ నింపేశారు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది కూడా. నీడ కావాలంటే మనకు వేప లేదా, కానుగ లేదా? అపార్ట్‌మెంట్లలో మిట్టమధ్యాహ్నం గొట్టం వదిలి ఫోన్ చూసుకునే కాంట్రాక్టు పనికి బిల్లు కడతాం, వేలితో మట్టి నాడి చూసే ముసలి మాలికి మాత్రం కూలి బేరమాడతాం. అతని కొడుకు ఈ పనిలోకి రాలేదంటే తప్పు అతనిది కాదు, మనదే.

ఈ వేసవికి మీ వీధిలో ఆ పని తెలిసిన మనిషిని వెతకండి. అడిగిన కూలి ఇవ్వండి. పక్కన మీ పిల్లల్ని నిలబెట్టి పాదు చేయించండి. ప్లాస్టిక్ గడ్డి పరిచి ఉంటే తీసేసి అక్కడ ఒక వేప నాటండి.